నీ ఇంట్లో ఏమున్నది?

ఈ వారం పఠనం: రాజుల రెండవ గ్రంథం 4:1-7



ఈ వారం పాఠం భర్తను పోగొట్టుకున్న మీ కోసం. మిగిలిన పాఠకులు పేజీ తిప్పేయవద్దని మనవి. ఈ పాఠంలో సగం పని వారి మీదనే ఉన్నది. ఎందుకో చదివినకొద్దీ తెలుస్తుంది.

దివ్యగ్రంథం తీసి పైన చెప్పిన ఏడు వచనాలూ ఒకసారి చదవండి. రెండు నిమిషాల పని. ఒక స్త్రీ ఎలీషా ప్రవక్త దగ్గరకు వచ్చి మొర పెట్టుకుంటున్నది. ఆమె పేరేమిటో గ్రంథకర్త రాయలేదు. భర్త ప్రవక్తల సమాజంలోని వాడు, దైవభయం కలవాడు. చనిపోయాడు. అప్పు మిగిలింది. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను బానిసలుగా పట్టుకుపోవడానికి వస్తున్నాడు.

భక్తిపరుని ఇంట్లో మరణం, అప్పు, పిల్లల మీదికి ముప్పు. దివ్యగ్రంథం ఇందులో దేన్నీ దాచలేదు. ప్రార్థన తక్కువైంది కనుక ఇలా జరిగిందని ఒక్క మాట కూడా అనలేదు. మన వీధుల్లో అనేవారున్నారు. "ఏం పాపం చేసిందో" అని ఆమె వినేటట్టుగానే అంటారు. మీరు ఆ మాట విని ఉంటే, అది దేవుని వాక్యంలో నుండి వచ్చిన మాట కాదని ముందుగా తెలుసుకోండి.

రెండో సంగతి. ఎలీషా ఆమెతో "ఏడవకు" అనలేదు. "అంతా దేవుని చిత్తం" అని కూడా అనలేదు. శవం ఇంట్లో ఉండగానే మనవాళ్లు ఈ మాట అందుకుంటారు. "దేవునికి ఇష్టమైనవారిని ముందు తీసుకుపోతాడమ్మా" అంటారు. మంచి మనసుతోనే అంటారు, కాదనను. కాని ముప్పై ఏళ్ల వయసులో చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికి ఆ మాట ఎలా వినబడుతుంది? నా ఇల్లు కూల్చింది దేవుడే అని వినబడుతుంది. ఆ తరువాత ఆమె గుడికి రావడానికి జంకితే ఆశ్చర్యం ఏముంది? సొలోమోను జ్ఞానగ్రంథం మొదటి అధ్యాయం పదమూడో వచనం చూడండి. మృత్యువును దేవుడు చేయలేదనీ, బ్రతికినవారు నశించడం ఆయనకు ఆనందం కాదనీ అక్కడ స్పష్టంగా ఉన్నది. లాజరు సమాధి దగ్గర యేసుప్రభువు కన్నీరు కార్చాడు. కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. పునీత పౌలుగారు తెస్సలోనిక క్రైస్తవులకు రాసిన మొదటి లేఖ నాలుగో అధ్యాయంలో, నిరీక్షణ లేనివారిలాగా దుఃఖించవద్దన్నారు గాని, దుఃఖించవద్దనలేదు. కనుక, అమ్మా, మీ కన్నీళ్లు మీ విశ్వాసానికి లోటు కాదు. మూడు నెలలకూ ఆగకపోతే ఆగకపోనివ్వండి.

ఇక ప్రవక్త అడిగిన ప్రశ్నకు వద్దాం. నీకేం చేయమంటావు, నీ ఇంట్లో ఏమున్నది అని అడిగాడు. ఆమె జవాబు గమనించండి. ముందు ఏమీ లేదన్నది. ఆ తరువాత, చిన్న నూనె పాత్ర తప్ప అన్నది.

మొదటి నెలల్లో మీ నోట వచ్చేది ఆ మొదటి ముక్కే. ఏమీ లేదు. పొద్దున్నే లేవాలనిపించదు. అన్నం సయించదు. జపమాల చేతిలో ఉంటుంది, పెదవి కదలదు. దానికి భయపడకండి. మీరు ప్రార్థించలేని రోజుల్లో శ్రీసభ మీ బదులు ప్రార్థిస్తున్నది. ప్రతి దివ్యబలిపూజలో గురువు మరణించినవారిని తలచుకునే చోట మీ ఆయన ఉన్నారు. పూజలో వెనక వరుసలో మౌనంగా కూర్చున్నా మీరు ఆ ప్రార్థనలో భాగస్తులే.

'తప్ప' అనే ఆ రెండో ముక్క దానంతట అదే రావాలి. ఎవరూ తొందరపెట్టరాదు. కాని వచ్చిన రోజున దాన్ని చిన్నచూపు చూడకండి. మీ ఇంట్లో ఉన్న ఆ చిన్న నూనె పాత్ర ఏది? ఒకామెకు అది చేతిలోని కుట్టుపని. మరొకామెకు రెండు గేదెలు. ఇంకొకామెకు పదో తరగతి వరకు చదివిన చదువు, పెళ్లయ్యాక అటక మీద పడేసిన చదువు. బిడ్డలు ఉన్నారు. ఆయనతో గడిపిన ఏళ్లున్నాయి, వాటినెవరూ జప్తు చేయలేరు.

ఇంకొకటి కూడా ఉన్నది. ఆయన కోసం మీరు చేయగల పని ఇంకా మిగిలి ఉన్నది. వివాహబంధం మరణంతో ముగుస్తుందని శ్రీసభ చెబుతుంది గాని, ప్రేమ ముగుస్తుందని చెప్పదు. మక్కబీయుల రెండవ గ్రంథం పన్నెండో అధ్యాయంలో యూదా మక్కబీయుడు యుద్ధంలో చనిపోయిన తన మనుషుల పాపాల కోసం బలి అర్పించమని యెరూషలేముకు ధనం పంపాడు. పునరుత్థానం మీద నమ్మకం ఉండబట్టే పంపాడని గ్రంథకర్త అంటాడు. మీరు ఆయన పేరున పూజ పెట్టిస్తే అది ఊరి కోసం తీర్చే బాకీ కాదు. ఇన్నాళ్లూ ఆయనకు అన్నం వడ్డించిన చేతులతో ఇప్పుడు చేస్తున్న సేవ. పూజ పెట్టించడానికి డబ్బు లేకపోతే విచారణ గురువులకు ఆ మాట చెప్పండి. డబ్బు లేదని ఆ ప్రార్థన ఆగనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట తప్పించుకుని పోలేను. ఓదార్పు మాటలు చెప్పేటప్పుడు మనం ఎప్పుడూ మంచి భర్తను పోగొట్టుకున్న భార్యనే ఊహించుకుంటాం. తాగి కొట్టిన భర్త పోయిన భార్య కూడా మీలో ఉన్నది. ఆమె దుఃఖంలో ఊరట కలిసి ఉంటుంది, ఆ ఊరటకు సిగ్గు కలిసి ఉంటుంది, ఎవరితోనూ చెప్పుకోలేదు. పునీత మోనికమ్మగారి భర్త పత్రీషియసు ముక్కోపి, భార్యకు నమ్మకంగా ఉన్నవాడు కూడా కాదు. చనిపోవడానికి కొద్ది కాలం ముందు మాత్రమే జ్ఞానస్నానం పొందాడు. అటువంటి కాపురం చేసిన ఆ తల్లి, తన కొడుకు అగస్టీను మారుమనస్సు కోసం ఏళ్లతరబడి కన్నీటితో ప్రార్థించి, 387లో ఓస్తియా రేవులో కన్నుమూసింది. తనను ఎక్కడ పాతిపెట్టినా ఫరవాలేదు, ప్రభువు బలిపీఠం దగ్గర తలచుకుంటే చాలునని ఆమె కొడుకులను కోరింది. మీ మనసులో ఉన్న చిక్కుముడి దేవునికి కొత్తది కాదు. పాపసంకీర్తనంలోనో, నమ్మకమైన మఠకన్యల దగ్గరో ఉన్నదున్నట్టు చెప్పుకోండి.

భర్త తన ప్రాణం తానే తీసుకున్న ఇళ్లున్నాయి. 1997-98లో ఓరుగల్లు ప్రాంతంలో పత్తి రైతుల ఇళ్లలో అలాంటి మరణాలు వరుసగా సంభవించినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఆ తరువాత కూడా అవి ఆగలేదు. ఆ భార్య మోసే బరువు ఇంకెవరికీ ఉండదు. ఆయన ఆత్మ ఏమైందో అన్న భయం అన్నిటికన్నా పెద్దది. "అలా పోయినవాళ్లకు పూజ ఉండదు" అని ఊళ్లో ఇప్పటికీ అనేవారు పాత చట్టం సంగతి చెబుతున్నారు. 1917 నాటి శ్రీసభ చట్టంలో అలాంటి నిషేధం ఉండేది. 1983లో వచ్చిన చట్టంలో దాన్ని తీసివేశారు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం, 2283వ అంశంలో, అలా మరణించినవారి రక్షణ విషయంలో నిరాశపడకూడదనీ, దేవునికి మాత్రమే తెలిసిన మార్గాల్లో వారికి పశ్చాత్తాప అవకాశం ఆయన ఇవ్వగలడనీ, శ్రీసభ వారి కోసం ప్రార్థిస్తుందనీ బోధిస్తున్నది. తీవ్రమైన వేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని దాని ముందరి అంశంలోనే ఉన్నది. కనుక ఆయన పేరున ధైర్యంగా పూజ పెట్టించండి. మీకు కూడా అలాంటి ఆలోచన వస్తుంటే ఒంటరిగా ఉండకండి. ఈ రోజే ఇంట్లోవారికి చెప్పండి, డాక్టరు దగ్గరకు వెళ్లండి. మందు వేసుకోవడం విశ్వాసం తక్కువవడం కాదు.

ఇప్పుడు మిగిలిన పాఠకుల పని.

ఎలీషా ఆమెను తన ఇంటికి వెళ్లి నూనె పోసుకోమని వెంటనే పంపలేదు. ముందు ఇరుగుపొరుగువారి దగ్గర ఖాళీ పాత్రలు ఎరువు తెమ్మన్నాడు. కొద్దిగా కాదు, చాలా తెమ్మన్నాడు. నూనె ఎంతవరకు పారింది? పాత్రలు ఉన్నంతవరకు. ఇంకొకటి తెమ్మని ఆమె కొడుకును అడిగితే ఇక లేవన్నాడు. నూనె అక్కడితో ఆగిపోయింది. దేవుని దగ్గర నూనె అయిపోలేదు, పొరుగువాళ్ల గిన్నెలు అయిపోయాయి. అపోస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చదివితే, యెరూషలేము శ్రీసభలో బయటపడ్డ మొదటి సణుగుడు కూడా ఇదే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అనుదిన భోజన వితరణలో అన్యాయం జరుగుతున్నదని ఫిర్యాదు వచ్చింది. అపోస్తలులు దాన్ని ఆడవాళ్ల గొడవగా కొట్టిపారేయలేదు. ఆ పనికే ఏడుగురిని ఎన్నుకొని, చేతులుంచి ప్రార్థించారు. స్తెఫాను వారిలో మొదటివాడు.

మన విచారణల్లో పదకొండో రోజు వరకు ఇల్లు నిండా జనమే. పన్నెండో రోజున ఎవరున్నారు? విన్సెంట్ డి పాల్ సభవారు, మరియ సేనవారు, పొదుపు సంఘం ఆడవారు వెళ్లవలసింది ఆ తరువాతే. పెద్ద సాయమేమీ అక్కరలేదు. రేషన్ దుకాణానికి తోడు వెళ్లండి. పిల్లవాడి ఫీజు గురించి హెడ్మాస్టరుతో మాట్లాడండి. 21 రోజుల్లోగా మరణం నమోదు చేయించి ధ్రువపత్రం తెచ్చిపెట్టండి. పింఛనుకూ, బ్యాంకుకూ, బీమాకూ అన్నిటికీ మొదట అడిగేది ఆ కాగితమే. ఇవే ఆ ఖాళీ గిన్నెలు.

గిన్నెలు ఇవ్వడం మాట అటుంచి, ఉన్న గిన్నె లాక్కునే ఆచారం ఒకటి మనలో ఇంకా ఉన్నది. జ్ఞానస్నానం పొందిన మన ఇళ్లలోనే పెద్దదినం నాడు ఆమెను కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి, మెట్టెలు తీసి, పూలు తుంచేస్తున్నారు. ఆ తరువాత పెళ్లికి పిలవరు. పిలిచినా పందిట్లో ముందుకు రానివ్వరు. ఎదురొస్తే అపశకునమంటారు. సొంత కూతురి పెళ్లిలో తల్లి గోడచాటున నిలబడుతుంది. ఇది సువార్తలో ఎక్కడుంది? మరియతల్లిని చూడండి. యేసుప్రభువు బోధ ప్రారంభించేనాటికే జోజప్పగారు కన్నుమూశారని శ్రీసభ సంప్రదాయం. సిలువ మీద నుండి ప్రభువు తల్లిని ప్రియశిష్యునికి అప్పగించడానికి అర్థం అదే, చూసుకునేందుకు ఇంట్లో వేరే మగదిక్కు లేదు. అంటే మనం పట్టుచీర కట్టి, పూలమాలలు వేసి, తేరు మీద ఊరేగించే తల్లి, భర్తను పోగొట్టుకున్న తల్లి. ఆమె తేరు ఎదురొస్తే చేతులు జోడిస్తాం. పక్కింటి చెల్లెలు ఎదురొస్తే మొహం తిప్పుకుంటాం. ఈ రెండూ ఒకే మనిషి చేయగలుగుతున్నాడంటే మన ఉపదేశంలోనే ఎక్కడో లోపం ఉన్నది.

సోదరీ, గాజులు వేసుకోవాలా, రంగు చీర కట్టాలా అన్నది మీ ఇష్టం. వద్దనుకుంటే మానేయండి. కాని ఇంకొకరు మీ చేతి మీద రాయి పెట్టి పగలగొట్టే అధికారం క్రైస్తవ ధర్మంలో ఎవరికీ లేదు. ఇంట్లో పెద్దలు పట్టుబడితే విచారణ గురువులకు ముందుగానే కబురు చేయండి.

తిరిగి ఆ ఏడు వచనాలకు వద్దాం. తలుపు వేసుకుని నూనె పోయమన్నాడు ప్రవక్త. ఊరంతా చూస్తుండగా కాదు. కొడుకులు గిన్నెలు అందిస్తున్నారు, తల్లి పోస్తున్నది. ఆ ఇంట్లో పిల్లలకు కూడా పని ఉన్నది. మనం పిల్లలను దుఃఖానికి దూరంగా ఉంచాలనుకొని, నాన్న ఊరెళ్లాడని అబద్ధం చెబుతాం. పిల్లలు అన్నీ కనిపెడతారు. వాళ్లతో నిజం చెప్పండి, రాత్రి కుటుంబ ప్రార్థనలో నాన్న పేరు వాళ్ల చేతనే చెప్పించండి.

నూనె నిండాక ఆమె మళ్లీ ప్రవక్త దగ్గరకు వెళ్లింది. దాన్ని అమ్మి అప్పు తీర్చుకో, మిగిలిన దానితో నీవూ నీ కొడుకులూ బ్రతకండి అన్నాడు. ప్రవక్త నోట అమ్మకం, అప్పు అనే మాటలు వినడం నాకు ఎంతో నచ్చుతుంది. కనుక మనం కూడా కొంచెం అప్పుల సంగతి మాట్లాడుకుందాం. మీ ఆయన రాసిన ప్రోనోటు పట్టుకుని అప్పులవాళ్లు వస్తారు. "ఆయన లేడు గదా, నీ పేర తిరగరాసివ్వు" అంటారు. ఆ దుఃఖంలో, మర్యాద పోతుందన్న భయంలో సంతకం పెట్టవద్దు. ఆయన చేసిన అప్పుకు ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. మీరు హామీ సంతకం చేసి ఉంటే గాని, కొత్త నోటు రాసి ఇస్తే గాని అప్పు మీ మెడకు చుట్టుకోదు. న్యాయంగా ఇవ్వవలసింది ఇద్దాం, అది క్రైస్తవ ధర్మమే. కాని లాయరుకో, లెక్కలు తెలిసిన విచారణ పెద్దకో కాగితం చూపించిన తరువాతే మాట ఇవ్వండి.

ఆస్తి విషయం కూడా తెలిసి ఉండాలి. వీలునామా రాయకుండా భర్త చనిపోతే క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. పిల్లలుంటే ఆయన ఆస్తిలో మూడో వంతు భార్యది, మిగిలిన రెండు వంతులు పిల్లలకు, కొడుకని కూతురని తేడా లేకుండా సమానంగా. పిల్లలుంటే ఆయన అన్నదమ్ములకు అందులో వాటా లేదు. పిల్లలు లేకపోతే భార్యకు సగం, మిగిలిన సగం ఆయన రక్తబంధువులకు. "ఆడదానివి, నీకెందుకు, మేం చూసుకుంటాం" అని మరిది తెల్లకాగితం మీద వేలిముద్ర అడిగితే ఈ పేజీ చూపించండి.

మిగిలిన దానితో బ్రతకండి అన్న చివరి మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. అప్పు తీరుతుంది, పిల్లలు బడికి పోతారు, కాని బ్రతకడం అనేది మొదలుకాదు. పునీత జేన్ ఫ్రాన్సిస్ ద షాంతాల్ గారి జీవితం ఇక్కడ మనకు సాయపడుతుంది. ఆమె ఫ్రాన్సు దేశపు జమీందారీ ఇంటి కోడలు. 1601లో వేటకు వెళ్లిన భర్తకు తోటి వేటగాడి తుపాకీ గుండు పొరపాటున తగిలింది. తొమ్మిది రోజులు బాధపడి, కాల్చినవాణ్ణి క్షమించి చనిపోయాడు. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు, నలుగురు పిల్లలు. పిల్లల ఆస్తి పోతుందేమోనని మామగారి ఇంటికి చేరవలసి వచ్చింది. ముసలాయన కోపిష్ఠి. ఇంటి పెత్తనమంతా ఒక పనిమనిషి చేతిలో. ఏడేళ్లపాటు ఆ ఇంట్లో ఆ పనిమనిషి మాట పడుతూ పిల్లలను పెంచింది. ఇది చదువుతూ మీలో కొందరు నిట్టూరుస్తారని నాకు తెలుసు.

భర్త క్షమించినవాణ్ణి ఆమె వెంటనే క్షమించలేకపోయింది. ఏళ్లు పట్టింది. 1604లో ఆమెకు పరిచయమైన పునీత ఫ్రాన్సిస్ సాలెసుగారు ఆ విషయంలో తొందరపెట్టలేదు. అతణ్ణి వెదుక్కుంటూ వెళ్లనక్కరలేదు, ఎదురుపడితే మాత్రం మెత్తని మనసుతో ఉండమని సలహా ఇచ్చారు. చివరకు ఆమె అతని బిడ్డకు జ్ఞానతల్లిగా నిలబడింది. 1610లో అనెసీ పట్టణంలో ఆయనతో కలిసి 'విజిటేషను' మఠాన్ని స్థాపించింది. ఇతర మఠాలు చేర్చుకోని విధవరాండ్రకూ, ఆరోగ్యం అంతగా లేనివారికీ ఆ మఠం తలుపు తెరిచింది. ఆమె మంచి రోజులు భర్త పోయిన తొమ్మిదేళ్లకు గాని రాలేదు. మీకు రెండేళ్లకే మనసు కుదుటపడలేదని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి.

అందరూ మఠం పెట్టనక్కరలేదు. యూదితు తన భర్త మనష్షే వదిలిన పొలాన్నీ ఇంటినీ తానే చూసుకుంటూ ఉండి, సమయం వచ్చినప్పుడు ఊరిని కాపాడింది. అన్నా ప్రవక్త్రి ఏడేళ్ల కాపురం తరువాత ఎనభై నాలుగేళ్ల వయసుదాకా దేవాలయంలో ప్రార్థన చేస్తూ బాలయేసును కళ్లారా చూసింది. కొందరు మళ్లీ పెళ్లి చేసుకుంటారు. దాన్ని తప్పనేవారు పౌలుగారి మాట చదవాలి. భర్త మరణించిన స్త్రీ ప్రభువునందు తాను కోరినవానిని పెండ్లాడే స్వేచ్ఛ కలదని కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 7:39లో ఉన్నది. మన తెలుగునాట 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపిస్తే అది పెద్ద విప్లవమైంది. అంతకు పద్దెనిమిది వందల ఏళ్ల ముందే మన చేతికి వచ్చిన స్వేచ్ఛను మనం ఇంకా వాడుకోలేకపోతున్నాం. భార్య పోయిన మగవాడికి ఆర్నెల్లకే సంబంధం చూసే ఊరు, పాతికేళ్ల ఆడబిడ్డ విషయంలో నోరు మెదపదు. ఆమె తండ్రిగారూ, అన్నదమ్ములూ, ఇది మీరే మొదట మాట్లాడాలి. ఆమె వద్దంటే ఆమె మాట గౌరవించండి. కాని అడగకుండానే ఆమె బదులు మీరు వద్దనుకోకండి.

ప్రతి ఏడూ నవంబరు 2న సకల ఆత్మల పండుగకు సమాధుల తోట శుభ్రం చేసి, సున్నం వేసి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాం. మీరూ రండి. వెనక నిలబడకండి, పిల్లల చేయి పట్టుకుని ఆయన సమాధి దగ్గరకు నడవండి. కొవ్వొత్తి చిన్నవాడి చేత వెలిగించండి. ఆయనకు ఏ కూర ఇష్టమో, ఏ పాట పాడేవారో, ఎందుకు కోపం వచ్చేదో వాళ్లకు చెప్పండి. గాలికి వత్తి ఆరిపోతే పక్క సమాధి దగ్గరున్న వాళ్లను నిప్పు అడగండి. ఇస్తారు.